వంటింట్లో మాకో బల్ల, మాకో కుర్చీ

వంటింట్లో మీరు కూర్చునే చోటు ఎక్కడ?

ఇదేం ప్రశ్న అనుకోకండి. ఒక్కసారి మీ వంటింటి వంక చూసుకోండి. గ్యాసు పొయ్యికి గట్టు వుంది. గిన్నెలకి స్టాండు వుంది. మంచినీళ్ల బిందెకి ఓ మూల వుంది. ఆఖరికి చీపురుకి కూడా తలుపు వెనక మేకు వుంది. రోజులో ఆరేడు గంటలు ఆ గదిలోనే గడిపే మనకి మాత్రం చోటు లేదు! మన అమ్మమ్మల కాలంలో పొయ్యి నేలమీదే వుండేది. పీట వేసుకుని కూర్చునే వండేవారు, కత్తిపీట ముందేసుకుని కూర్చునే తరిగేవారు. తరవాత పొయ్యి గట్టెక్కింది, మనం లేచి నించున్నాం. అలా నించున్నవాళ్లం మళ్లీ కూర్చోనే లేదు.

మా ఇంట్లో ఈ ప్రశ్న వచ్చింది మా అత్తగారి మోకాళ్ల వల్ల. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడా నేనూ ఎదురూబొదురూ నేలమీద కూర్చునే కూరలు తరుక్కున్నాం. చిక్కుడుకాయలు ఈనెలు తీసినా, గోంగూర ఒలిచినా, ఆవకాయ ముక్కలు తుడిచినా ఇద్దరం కలిసే. మాకు వచ్చిన మాటలూ, మాటపట్టింపులూ, మళ్లీ కలిసిపోవడాలూ అన్నీ ఆ కత్తిపీట దగ్గరే. ఆవిడకి డెబ్భై దాటాక మోకాళ్లు అరిగాయన్నారు డాక్టరుగారు. బాసీపట్టు వేసుకుని కూర్చోవద్దు, గొంతుకూర్చోవద్దు అన్నారు. అంతే, ఆవిడ వంటింట్లోకి రావడం మానేశారు. ముందు గదిలో సోఫాలో కూర్చుని, ఒళ్లో కంచం పెట్టుకుని, టీవీ చూస్తూ ఒక్కరే అన్నం తినేవారు. "ఇక నాకు ఆ గదితో పనేముంది అమ్మాయ్, నువ్వే చూసుకో" అన్నారొకరోజు. కోపంగా అని వుంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. మామూలుగా అన్నారు. అదీ నాకు కష్టంగా తోచింది.

ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వంటింట్లో వేశాం. కూర్చున్నారు గానీ ముందు బల్ల లేకపోతే కత్తి ఎక్కడ పెడతారు, చేట ఎక్కడ పెడతారు? ఒళ్లో పళ్లెం పెట్టుకుని వంగి తరిగితే నడుం పట్టేసింది. డైనింగ్ టేబులు కొందామన్నారు మా వారు. రెండు మూడు షాపులు తిరిగాం. అన్నిటికంటే చిన్నది కూడా మా వంటింట్లో వేస్తే సిలిండరు మార్చేవాడు లోపలికి రాలేడు. అంతకు ముందు ఒక బల్ల కొని చూశాం కూడా. పైకి టేకు చెక్కలాగే నిగనిగలాడేది. లోపల రంపపు పొట్టు జిగురుతో నొక్కిన అట్ట. అంచు దగ్గర తడి దూరి ఓ వానాకాలంలోనే పూరీలా పొంగింది.

అదే సమయంలో మా పుట్టింట్లో పాత పెంకుటిల్లు పడగొట్టారు. మా అన్నయ్య ఫోన్ చేసి "నీకేమైనా కావాలా?" అని అడిగాడు. పెరటి తలుపులూ, వాటి ద్వారబంధమూ పంపమన్నాను. మా తాతగారి నాటి టేకు. ఆ తలుపుకి ఆనుకునే నేను జడ వేయించుకున్నాను, పరీక్షలకి చదువుకున్నాను. అవి మినీ లారీలో మా వాకిట్లో దిగినప్పుడు, "ఈ కట్టెలేం చేస్తావు?" అని మా వారు నవ్వారు. "బల్ల, కుర్చీ చేస్తాను" అన్నాను. "చేయిస్తావా?" అన్నారు. "చేస్తాను" అన్నాను.

నేను ఇంటర్ దాకా చదివాను. రంపం పట్టిన చెయ్యి కాదు నాది. కానీ జాకెట్టు కొలతలు తీసి, గుడ్డ వృథా కాకుండా కత్తిరించి కుట్టుకోవడం వచ్చు. మీలో చాలామందికీ వచ్చు. కొలవడం, గీయడం, గీత మీద కత్తిరించడం, కలిపి కుట్టడం. వడ్రంగమూ ఆ వరసే. గుడ్డ వంగుతుంది, కర్ర వంగదు, అంతే తేడా! మా వీధి చివర ఓ వడ్రంగి మేస్త్రీ వున్నారు. అరవై దాటిన మనిషి, బరువు పనులు మానేశారు. రోజుకో గంట వచ్చి పక్కన కూర్చుని చెప్పమని, దానికి కూలీ ఇస్తానని అడిగాను. "నేనే చేసేస్తే తొందరగా అయిపోతుంది కదమ్మా" అన్నారు. "తొందర లేదు మేస్త్రీగారూ, నాకు నేర్పండి" అన్నాను.

కొలతలు ఒంటిని బట్టి

షాపు బల్లలు మామూలుగా 30 అంగుళాల ఎత్తుంటాయి, కుర్చీలు 18 అంగుళాలు. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు అయిదడుగుల దగ్గరే. అందుకే చాలామందికి ఆ బల్లల దగ్గర భుజాలు పైకి లేపి తినాల్సి వస్తుంది. కూర్చునే చోటుకీ బల్ల పై భాగానికీ మధ్య 10 నుంచి 12 అంగుళాలుంటే చేతులు హాయిగా ఆనుతాయి. బల్ల కింద తొడలకి కనీసం 6 అంగుళాల ఖాళీ వుండాలి. ఒక్కో మనిషికి అటూ ఇటూ మోచేతులు ఆడటానికి 24 అంగుళాల వెడల్పు కావాలి.

ఇవి పుస్తకం లెక్కలు. మీ ఇంటి లెక్క మీరే చూసుకోవాలి. నేను చేసిన పని చెబుతాను. ఇటుకలు పేర్చి, వాటిమీద ఓ చెక్క పరిచి, వారం రోజులు అక్కడే కూరలు తరిగాను. అత్తగారిని కూడా కూర్చోబెట్టాను. ఇటుక కింద అట్టముక్కలు తీస్తూ, వేస్తూ పోతే 29 అంగుళాల దగ్గర ఇద్దరికీ కుదిరింది. కుర్చీ సంగతి వేరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కుర్చీ తక్కువ ఎత్తులో వుంటే లేవడం కష్టం. ఆవిడ కుర్చీ 18 అంగుళాలు పెట్టాను. కాళ్లు వేలాడకుండా కిందకి మా పాత భోజనం పీట వేశాం. నా స్టూలు 17 అంగుళాలు.

ఇక చోటు. మా వంటిల్లు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. పొయ్యి గట్టు 2 అడుగులు పోగా 6 అడుగులు మిగిలింది. పాత న్యూస్ పేపర్లు అంటించి బల్ల కొలతకి కత్తిరించి నేలమీద పరిచాను. 42 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, గోడకి ఆనించి. దాని ముందు కుర్చీకి అడుగున్నర వదిలినా, నడవడానికి 30 అంగుళాలు మిగిలింది. ఫ్రిజ్ తలుపు తీసి చూశాను, సిలిండరు లాగి చూశాను, చేతిలో వేడి గిన్నె వున్నట్టు నటిస్తూ తిరిగి చూశాను! మా వారు గుమ్మంలో నించుని వింతగా చూశారు. మీరు బల్ల కొన్నా సరే, చేయించినా సరే, ఈ కాగితాల పని మాత్రం మానకండి. ఖర్చు లేదు, అరగంటలో తేలిపోతుంది.

కర్ర సంగతి

ఏ పనికి ఆ కర్ర అన్నారు మేస్త్రీగారు. కొండపల్లి బొమ్మలకి తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకి అంకుడు, బొబ్బిలి వీణకి పనస, ఎడ్లబండి చక్రానికి తుమ్మ. బల్లకి టేకు మంచిది, దాన్లో నూనె గుణం వుంది గనక చెద తొందరగా అంటదు. టేకు కొనలేకపోతే వేప బాగుంటుంది. మామిడి చవకే గానీ పురుగు పట్టకుండా చూసుకోవాలి. ఏదైనా బాగా ఆరిన కర్రే కావాలి. పచ్చి కర్రతో చేస్తే ఆరేకొద్దీ కుంచించుకుపోయి బీటలిస్తుంది, అతుకులు వదులవుతాయి. పాత తలుపులతో వున్న సుఖం అదే, ఏళ్ల తరబడి ఆరిన కర్ర.

పాత కర్రతో రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, లోపల మేకులుంటాయి. అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం వెతికి పీకేయాలి. లేకపోతే రంపం పళ్లు పోతాయి, కోతమిల్లులో అయితే ప్రమాదం కూడా. రెండోది రంగు. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువే వుండొచ్చు. ఆ పొడి పీలిస్తే, ముఖ్యంగా చిన్నపిల్లలకి, చాలా చెడుపు. అందుకని ఆకుపచ్చ రంగుని పొడిగా రుద్దకుండా, తడిపి, పెరట్లో గోనె పరిచి, ముక్కుకి మాస్కు కట్టుకుని గీకాను. గీకిన పెచ్చులన్నీ మూటకట్టి వేరుగా పారేశాను. పక్కింటి పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వలేదు.

ఇంకో గొడవ వచ్చింది. ద్వారబంధంలో కింది కర్ర, అంటే గడప. దాన్ని కూడా కోయిద్దామంటే అత్తగారు ముందు గదిలోంచే కేకేశారు. "మీ అమ్మ పసుపు రాసి బొట్లు పెట్టిన గడప. దానిమీద ఎంగిలి కంచాలు పెడతారటే?" అన్నారు. అప్పటిదాకా ఆవిడకి నా పని మీద ధ్యాసే లేదనుకున్నాను! సరే, గడప వదిలేశాం. చిత్రిక పట్టించి, దేవుడి గదిలో గోడకి అరలా బిగించాం. పక్క కర్రల్ని బల్లకాళ్లకీ, కుర్చీకీ వాడాం.

కావలసినవి

బల్లకి: రెండున్నర అంగుళాల చదరం, 28 అంగుళాల పొడవు కాళ్లు 4. కాళ్లని కలిపే పట్టీలు అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పువి: 35 అంగుళాలవి 2, 17 అంగుళాలవి 2. పైన పరచడానికి అంగుళం మందం, 6 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు చెక్కలు 4.

పనిముట్లు: రంపం, అరంగుళం ఉలి ఒకటి, పావంగుళం ఉలి ఒకటి, చెక్క సుత్తి, చిత్రిక, మూలమట్టం, టేపు, చెక్కిన పెన్సిలు, డ్రిల్లింగ్ మిషను, మరమేకులు, ఫెవికాల్, ఉప్పుకాగితం గరుకుదీ సన్నదీ. పెద్ద కోతలన్నీ కోతమిల్లులో చేయించుకోండి. గీతలు మాత్రం మీరే గీసి ఇవ్వండి.

చేసే విధానం

పట్టీ చివర్ని నాలికలా సన్నగా చెక్కి, కాలికి అదే కొలతలో కన్నం తొలిచి దూర్చడం, ఇదే అసలు విద్య. నాలిక మందం పట్టీ మందంలో మూడో వంతు, పొడవు అంగుళం. మొదట మేస్త్రీగారు నా చేతికి కాళ్ల కర్ర ఇవ్వనేలేదు. పనికిరాని మామిడి చెక్క ఇచ్చి, "పది కన్నాలు కొట్టమ్మా, అప్పుడు చూద్దాం" అన్నారు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు నుంచి నాలుగింటి దాకా అదే పని. ఉలిని నార కడ్డంగా పెట్టి ముందు గాటు వేయాలి, తరవాతే నార వెంట లేపాలి. కొబ్బరి కోరినట్టు కొంచెం కొంచెం తీయాలి. ఉలి పదును ముందు ఎప్పుడూ చెయ్యి పెట్టకూడదు, రెండు చేతులూ పదును వెనకే వుండాలి. పమిట బిగించి దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. అయిదో రోజుకి నాలిక కన్నంలోకి చేత్తో నొక్కితే దూరి, తలకిందులు చేస్తే జారకుండా నిలబడింది. "ఇహ అసలు కర్ర ముట్టుకోమ్మా" అన్నారాయన. మెట్రిక్ పాసైనప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

నాలుగు పట్టీలూ నాలుగు కాళ్లూ కూర్చాక జిగురు ఆరకముందే ఒక పరీక్ష వుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకి దారం పట్టి చూడాలి, తరవాత రెండో జత మూలలకి. రెండు దారాలూ సమానమైతే బల్ల చదరంగా వున్నట్టు. తేడా వస్తే పొడుగు వున్న వైపు మూలల్ని దగ్గరికి నొక్కాలి. పైచెక్కలు నాలుగూ పక్కపక్కన జిగురు పెట్టి, చుట్టూ తాడు కట్టి, తాట్లో కర్ర దూర్చి మెలిపెట్టాం. మోకు బిగించినట్టు బిగుసుకుపోయింది. ఒక రోజంతా అలాగే వదిలేశాం.

ఆ పైచెక్కని కాళ్ల చట్రానికి గట్టిగా మేకులు కొట్టి బంధించకూడదు. ఇది చాలామందికి తెలీదు. చెక్క పొడవునా మారదు గానీ, అడ్డంగా మాత్రం వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. కదలనివ్వకపోతే మధ్యలో పగులుతుంది. అందుకని పట్టీలకి మరమేకు కన్నాలు కాస్త పొడుగ్గా, అది అటూ ఇటూ జరిగేటట్టు తొలిచాం. మరమేకు బిగించే ముందు సన్నటి కన్నం పెట్టుకోవాలన్నది కూడా గుర్తుంచుకోండి, లేకపోతే చెక్క చీలుతుంది.

బల్ల కంటే కుర్చీ కష్టం. బల్ల మీద బరువు నిటారుగా కిందికే దిగుతుంది. కుర్చీలో మనిషి వెనక్కి వాలతాడు, పక్కకి ఒరుగుతాడు, లేచేటప్పుడు వీపుతో నెడతాడు. ఆ భారమంతా వెనక కాళ్ల దగ్గరున్న అతుకుల మీదే పడుతుంది. అందుకే వెనక కాలూ, వీపు కర్రా ఒకే ముక్కగా వుండాలి. మా ద్వారబంధం కర్ర 4 అంగుళాల వెడల్పు వుండటం కలిసొచ్చింది. సీటు పైన కొంచెం వెనక్కి వాలేలా గీత గీసి ఇస్తే మిల్లువాళ్లు అలాగే కోసిచ్చారు. కింద కూడా నాలుగు కాళ్లనీ కలుపుతూ పట్టీలు వేసి, సీటు మూలల్లో త్రికోణం ముక్కలు బిగించాను.

సీటుకి చెక్క వెయ్యలేదు. నవారు అల్లాను! మంచాలకి నవారు అల్లడం చిన్నప్పుడు మా నాన్నగారి దగ్గర చూసినదే. మెత్తగా వుంటుంది, గాలి ఆడుతుంది, పాతబడితే మార్చుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు అసలు స్టూలుతోనే మొదలుపెట్టండి. మూడు కాళ్ల స్టూలైతే ఎంత ఎగుడుదిగుడు నేలమీదైనా ఊగదు. మూడు పొయ్యిరాళ్ల మీద కుండ ఊగుతుందా? నేను మాత్రం బల్ల కిందకి తోసేయడానికి వీలుగా 14 అంగుళాల చదరం స్టూళ్లు రెండు, నాలుగు కాళ్లవే చేశాను.

ఆఖరున ఉప్పుకాగితంతో నార వెంట రుద్ది, అవిసె నూనె పల్చగా గుడ్డతో పట్టించాను. ఒక పూత బాగా ఆరాకే రెండోది. వంటనూనెలు రాయకండి, ముక్క వాసన వస్తుంది. ఇంకో మాట, ఇది మరచిపోవద్దు. అవిసె నూనె పీల్చిన గుడ్డల్ని వుండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. బయట తీగ మీద విప్పి ఆరెయ్యాలి, లేదా నీళ్లలో ముంచి వుంచాలి.

అన్నీ కలిపి రెండు నెలలు పట్టింది. కోతమిల్లుకీ, మేస్త్రీగారికీ, సామానుకీ, నవారుకీ అయిన ఖర్చు షాపులో చూసిన సెట్టు ధరలో మూడో వంతు. అత్తగారు లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేస్తారు గనక అది కదలకుండా గోడకి రెండు ఇనప క్లాంపులు వేశాం.

ఆవిడ వెంటనే వచ్చి కూర్చోలేదు. రెండు రోజులు గుమ్మంలోంచి చూసి వెళ్లారు. మూడోరోజు నేను చిక్కుళ్లు బల్ల మీద పోసి, పాలవాడు పిలిస్తే వెళ్లాను. వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఈనెలు తీస్తున్నారు. "ఇంత ముదురువి కొన్నావేమిటే?" అన్నారు నన్ను చూసి. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఆవిడ మోకాళ్లు తగ్గలేదు. తగ్గవని డాక్టరుగారు ముందే చెప్పారు. కానీ ఇప్పుడు పోపు ఘాటు సరిపోయిందో లేదో అక్కడినుంచే చెబుతారు. రాత్రిళ్లు ముగ్గురం ఒకేసారి తింటున్నాం. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో అందరికీ వడ్డించి ఆఖరున గిన్నె అడుగు చూసుకుని తినడమే నాకు అలవాటు. ఇప్పుడు గిన్నెలన్నీ బల్ల మీదే వుంటాయి, ఎవరికి కావలసింది వాళ్లే వడ్డించుకుంటారు. కూర ఎంత మిగిలిందో మా వారికి కూడా కనబడుతోంది! చదువుకోడానికి వేరే వూళ్లో వుంటున్న మా అబ్బాయి సెలవులకి వస్తే మాత్రం స్టూలు వాడికిచ్చి నేను గట్టుకి ఆనుకుంటాను. ఇంకో స్టూలుకి సరిపడా కర్ర అటక మీద వుంది. దసరా లోపు అదీ అవుతుంది.

మీ అందరినీ రంపం పట్టమని నేననను. చేయించుకోండి, కొనుక్కోండి, మీ ఇష్టం. కానీ రేపు వంటయ్యాక టేపు తీసుకుని, మీ మోకాలి వెనక నుంచి నేల దాకా ఎంతుందో, కూర్చున్నప్పుడు మోచెయ్యి ఎంత ఎత్తులో వస్తుందో కొలిచి పాలలెక్కల పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లవీ రాయండి. ఆ రెండు అంకెలూ చేతిలో వుంటే, బల్ల ఎవరు చేసినా మీకు సరిపోయేదే చేస్తారు.